ఆఫీసులో పాటలు పెట్టాలా వద్దా: ముందు స్పీకర్ ఎవరి చేతిలో ఉందో చూడండి

మీరు అడిగింది నాకు ఎలా అర్థమైందో ముందు చెబుతాను, పొరపాటుంటే సరిచేయండి.

నల్గొండలో గడియారం సెంటర్‌కు దగ్గర్లో రెండు గదులు అద్దెకు తీసుకొని చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. మొత్తం 14 మంది. ముందు గదిలో నలుగురు అమ్మాయిలు ఫోన్లెత్తి, వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకొని, అడ్రసులు కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. అదే గదిలో ఒక మూలన అకౌంటెంట్ గారు. వెనక గదిలో మిగతావాళ్లు చీరలు మడతపెట్టి, ఇస్త్రీ చేసి, ప్యాక్ చేస్తారు. రెండు గదుల మధ్య గుమ్మం దగ్గర బ్లూటూత్ స్పీకర్. పొద్దున పది నుంచి సాయంత్రం ఏడు దాకా అది మోగుతూనే ఉంటుంది. అకౌంటెంట్ గారు ఆపమంటారు. ప్యాకింగ్ పిల్లలు "బంద్ చేస్తే నిద్రొస్తది అన్నా" అంటారు. ఈ మధ్య తప్పు అడ్రసుతో తిరిగొస్తున్న పార్శిళ్లు పెరిగాయి. పాటల వల్లేనా, కాదా అన్నది మీ అనుమానం. పైగా ఒక వీడియో చూశారు, అందులో మొజార్ట్ సంగీతం పెడితే మెదడు చురుగ్గా పనిచేస్తుందని చెప్పారు.

నేను సైకాలజీ చదివినవాణ్ని కాను. 24 ఏళ్లు ఫ్లోర్ మీద నిలబడి పని చేయించినవాణ్ని. ముందు కొత్తూరు వైపు ఒక స్పిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజర్‌ని, తర్వాత గద్వాల దగ్గర పత్తి విత్తనాల ప్యాకింగ్ యూనిట్‌లో ఇన్‌చార్జిని. అంతకంటే ముందు మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాను. మూడు చోట్లా పాట ఉండేది. మూడు చోట్లా దాని ప్రభావం మూడు రకాలుగా ఉండేది. ఎందుకలా అని తర్వాత కాస్త చదువుకున్నాను కూడా. ఆ రెండూ కలిపి చెబుతున్నాను. మీ వయసు రాయలేదు గాని, మీ కంగారు చూస్తే తమ్ముడూ అనాలనిపిస్తోంది.

అకౌంటెంట్ గారు చెప్పింది నిజమే. ప్యాకింగ్ పిల్లలు చెప్పిందీ నిజమే. వాళ్లు ఒకే ఆఫీసులో ఉన్నారు గాని ఒకే పని చేయడం లేదు.

మాది చౌటుప్పల్ వైపు ఊరు. అప్పట్లో నల్గొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. ఇంట్లో గుంట మగ్గం. నాన్న మగ్గంలో కూర్చుంటే అమ్మ వాకిట్లో ఆసు పోసేది. ఆసు చూడనివాళ్ల కోసం చెబుతాను: పలక మీద అర్ధచంద్రంలా మేకులు వరసగా ఉంటాయి, ఎదురుగా ఇవతల ఒక మేకు. దారాన్ని ఈ మేకు నుంచి ఆ వరసలో ఒక్కో మేకుకు తిప్పి తెచ్చి మళ్లీ తిప్పాలి. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అలా పోయి రావాలి. తన తల్లి పడే ఆ చేతినొప్పి చూడలేకే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా ఇంటికి అప్పటికి యంత్రం రాలేదు. రేడియో ఉండేది. వివిధభారతి లేనిదే అమ్మకు చెయ్యి ఆడేది కాదు. పాట వస్తుంటే చెయ్యి దాని పాటికి అది పోయేది, మనసు ఇంకెక్కడో ఉండేది. రేడియోలో బ్యాటరీలు అయిపోయిన రోజు అదే ఆసు రెండింతలు నొప్పి పెట్టినట్టు ఉండేదని అమ్మ ఇప్పటికీ అంటుంది.

నాన్న సంగతి వేరు. సాదా భాగం నేసేటప్పుడు ఆయనా వినేవాడు, కూనిరాగం కూడా తీసేవాడు. పువ్వు మొదలయ్యేసరికి మాత్రం ముఖం మారేది. చిటికి కట్టి, అంటే అక్కడక్కడ బిగించి ముడులు కట్టి, రంగులద్దిన పేకదారం (అడ్డదారం) అది. ఆ దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లే నాడె విసిరిన ప్రతిసారీ అంచు దగ్గర దారాన్ని వేలితో లాగి, రంగు రంగు మీదే పడిందా అని చూసుకోవాలి. పోగంత పక్కకు జరిగినా పువ్వు రెక్క చెదిరిపోతుంది, తర్వాత ఎవరూ సరిచేయలేరు. అక్కడికొచ్చాక "జర ఆపు దాన్ని" అనేవాడు. ఆపడం కూడా అంత తేలిక కాదు. రేడియో బటన్ ఎప్పుడో ఊడిపోయింది, మిగిలిన మొండికాడను పటకారుతో తిప్పాలి. ఆ పటకారు అమ్మ ఒళ్లో ఉండేది. ఆమె ఆపితే ఆగినట్టు, లేకపోతే లేదు. మీ ప్రశ్న చదవగానే నాకు ఆ పటకారే గుర్తొచ్చింది.

ఇప్పుడు మీ ముందు గదిలోకి వద్దాం. అక్కడ ఒక అమ్మాయి వెనక ఐదు నిమిషాలు నిలబడి చూడండి. ఫోన్‌లో ఒకావిడ పిన్ కోడ్ చెబుతుంది, ఐదు, సున్నా, ఎనిమిది, సున్నా, సున్నా, ఒకటి. మీ అమ్మాయి చెయ్యి అప్పుడు మౌస్ మీద ఉంటుంది, ఇంకా పేరు గడిలోనే ఉంది. ఆ ఆరంకెలను ఆమె పెదాల మీదే తిప్పుకుంటూ, పిన్ గడిలోకి వచ్చి కొట్టాలి. నల్గొండ 508001. మహబూబ్‌నగర్ 509001. ఎనిమిదికి బదులు తొమ్మిది పడితే చాలు, చీర పాలమూరు చూసి వస్తుంది. పది అంకెల ఫోన్ నంబర్ అయితే ఇంకా కష్టం.

అంకెలను మనం బొమ్మలా గుర్తుపెట్టుకోం, మనసులో వల్లె వేసుకుంటాం. అంటే మన లోపలి గొంతు, లోపలి చెవి పనిచేస్తుంటాయి. చుట్టుపక్కల ఎవరైనా మాట్లాడినా, పాడినా ఆ శబ్దం వద్దన్నా అదే దారిలో దూరుతుంది. దీని మీద 1976 నుంచి ప్రయోగాలు జరుగుతున్నాయి. మొదటి ప్రయోగంలో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లకు అక్షరాలు చూపించి వరస గుర్తుపెట్టుకోమన్నారు. వెనక నుంచి, వాళ్లకు ముక్క అర్థంకాని జర్మన్‌లో ఎవరో చదువుతుంటారు. పట్టించుకోవద్దని ముందే చెప్పారు. అయినా తప్పులు పెరిగాయి. కాబట్టి "తెలుగు పాటలు తీసేసి హిందీవి పెడదాం" అన్న మీ ఆలోచన అంకెల విషయంలో పెద్దగా అక్కరకు రాదు. అర్థం తెలియని భాష అయినా వరస చెడగొడుతుంది. చదివి అర్థం చేసుకోవాల్సిన పనిలో మాత్రం తెలిసిన భాష పాట ఇంకా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే అక్కడ అర్థం కూడా అడ్డుపడుతుంది.

"నాకు ఇష్టమైన పాటలైతే డిస్టర్బ్ కావు సార్" అని పిల్లలు అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. 2011లో బ్రిటన్‌లో ఇద్దరు పరిశోధకులు దీన్నే పరీక్షించారు. నచ్చిన పాట పెట్టినా, నచ్చని పాట పెట్టినా వరస గుర్తుపెట్టుకోవడం దాదాపు ఒకేలా దెబ్బతింది. ఏ శబ్దమూ లేనప్పుడే బాగా చేశారు. నచ్చిన పాట మూడ్‌ను బాగు చేస్తుంది, అంకెలను కాదు. ఇంకో విషయం, మాటలు లేని వాద్య సంగీతం పాటకన్నా తక్కువ చెడగొడుతుంది. ఎప్పుడూ ఒకే తీరుగా ఉండే శబ్దమైతే దాదాపు ఏమీ చేయదు. సీలింగ్ ఫ్యాన్ రోజంతా గిరగిరమంటున్నా మీ అమ్మాయికి తెలియదు, ఫ్యాన్ మారదు కాబట్టి. పాట క్షణక్షణం మారుతుంది. చెవి మార్పు వెంట పోతుంది.

అకౌంటెంట్ గారి మీద ఒక్క మాట. ఆయన చాదస్తుడని పిల్లలు అంటున్నారని రాశారు. కావచ్చు. కానీ మనుషుల తీరులో కూడా తేడా ఉంది. నలుగురిలో కలుపుగోలుగా ఉండేవాళ్లకన్నా, తమలో తాము ఉండేవాళ్లను వెనక వచ్చే పాట ఎక్కువగా దెబ్బతీస్తుందని 1997లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది. చదివి అర్థం చేసుకోవడంలో, గుర్తుపెట్టుకోవడంలో ఆ తేడా కనిపించింది. జీఎస్టీ లెక్క కూడుకుంటున్న మనిషి చెవి పక్కన తీన్మార్ పెట్టి, ఆయన్ను చాదస్తుడనడం అన్యాయం తమ్ముడూ.

నా తప్పు కూడా చెబుతాను. గద్వాల యూనిట్‌లో ప్యాకింగ్ హాల్‌కు స్పీకర్ తెచ్చింది నేనే. ప్యాకెట్లను అట్టపెట్టెల్లోకి సర్దేవాళ్లకు హుషారుగా ఉంటుందని. ప్లగ్ పాయింట్ ఎక్కడుంటే అక్కడ పెట్టాను. అది సరిగ్గా లేబుల్ టేబుల్ పైన. ఆ టేబుల్ దగ్గర కూర్చునే అతను పెట్టె మీద లాట్ నంబర్ చేత్తో రాసేవాడు. ఒక సాయంత్రం లోడయిన లారీ గేటు దాటకముందే ఎవరో చూశారు. 3 ఉండాల్సిన చోట 8 ఉంది, ఒక పెట్టె మీద కాదు, వరసగా చాలా పెట్టెల మీద. లారీ మొత్తం దించి, పెట్టెలన్నీ తిరగేసి చూసి, మళ్లీ ఎక్కించేసరికి రాత్రి పదిన్నర. హమాలీల తిట్లు ఇక్కడ రాయలేను. అతను నెమ్మదైనవాడు, పాట వద్దని ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు. పాట వల్లే తప్పు జరిగిందని నేను రుజువు చేయలేను, ఆ రోజు ఉక్క కూడా ఉంది, పని ఒత్తిడి కూడా ఉంది. కానీ మర్నాడు స్పీకర్‌ను హాల్ అవతలి కొసకు మార్చాను, లేబుల్ టేబుల్‌ను స్టోర్ రూంలోకి.

ఇక మీ వెనక గది. అక్కడ పాట ఆపొద్దు.

మడత, ఇస్త్రీ, కవరు, టేపు, మళ్లీ మడత. చేతికి వచ్చేసిన పని. ఇలాంటి పనిలో శత్రువు విసుగు. మధ్యాహ్నం భోజనం చేశాక రెండు నుంచి నాలుగు మధ్య ఒంటికి సహజంగానే మగత వస్తుంది. అప్పుడు తెలిసిన పాట పడితే కళ్లు తెరుచుకుంటాయి. మీ వీడియోలోని మొజార్ట్ కథ కూడా చివరికి ఇక్కడికే వస్తుంది. 1993లో కొంతమంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు మొజార్ట్ వినిపిస్తే, కాగితం మడతలను మనసులో ఊహించడం లాంటి లెక్కల్లో కాసేపు బాగా చేశారు. ఆ ప్రభావం పది, పదిహేను నిమిషాలే ఉంది. తెలివి పెరిగిందని వాళ్లు అనలేదు, పేపర్లవాళ్లు అన్నారు. తర్వాత చూస్తే హుషారైన సంగీతం ఏది విన్నా కాస్త చురుకు వస్తుందని, దిగులుగా ఉండే సంగీతం వింటే రాదని తేలింది. అంటే కిటుకు మొజార్ట్‌లో లేదు, మూడ్‌లో ఉంది. మీ ప్యాకింగ్ పిల్లలకు ఇష్టమైన సినిమా పాట ఆ పని బ్రహ్మాండంగా చేస్తుంది.

అయితే పొద్దున పది నుంచి రాత్రి ఏడు దాకా పెడితే ఆ పని కూడా చేయదు. ఎందుకంటే కొంతసేపయ్యాక ఎవరూ మనసుపెట్టి వినరు. చెవి దాన్ని గోడలా చూస్తుంది. రెండో ప్రపంచయుద్ధం అప్పుడు బ్రిటన్ ఫ్యాక్టరీల కోసం బీబీసీ రేడియో ప్రత్యేకంగా ఒక సంగీత కార్యక్రమం నడిపింది. 1940 జూన్ 23న మొదలై 1967 దాకా సాగింది. రోజంతా కాదు, పొద్దున ఒక అరగంట, మధ్యాహ్నం ఒక అరగంట. సరిగ్గా పనివాళ్లు నీరసపడే వేళలు చూసి. జోకొట్టే నెమ్మది బాణీలు వద్దనుకున్నారు. ఒక పాటనైతే నిషేధించారు కూడా, ఎందుకో తెలుసా? అందులో చప్పట్లు కొట్టే చోటు ఒకటి ఉంది. అది రాగానే పనివాళ్లు పని వదిలేసి చేతిలో ఉన్న పనిముట్లతో బల్లల మీద దరువేసేవారట. మన దగ్గర అయితే ఆ జాబితా చాలా పెద్దది అవుతుంది. అమెరికాలో 1934లో మొదలైన మ్యూజాక్ కంపెనీ కూడా ఆఫీసులకు తీగల మీద సంగీతం పంపేది. తర్వాతి కాలంలో వాళ్లు పదిహేను నిమిషాలు వాయించి పదిహేను నిమిషాలు ఆపే పద్ధతి పెట్టారు. డబ్బు తీసుకొని సంగీతం అమ్ముకునేవాళ్లే మధ్యలో ఆపారంటే ఆలోచించండి.

ఇంతకీ పనికీ పాటకీ సంబంధం మనకు ఎవరూ నేర్పలేదు. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు వేసేటప్పుడు చూసే ఉంటారు. ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు, చేతులు ఆ లయలో మునుంపట్టి పోతాయి. ఎండ ఎక్కి నడుములు నొప్పి పుడితే పాట కూడా నెమ్మదిస్తుంది. ఎందుకంటే పాడే ఆమె నడుము కూడా అదే మడిలో వంగి ఉంది. స్పీకర్‌కు నడుము లేదు. ఎవరు అలసిపోయారో దానికి తెలియదు, ఎవరికి తలనొప్పి వచ్చిందో తెలియదు. అందుకే దానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషి ఆ పని చేసేవాళ్లలో ఒకరై ఉండాలి.

నేను చదివినవాటిలో నాకు బాగా పనికొచ్చింది ఇదే. పాట వల్ల పని బాగుపడిందని చెప్పే మంచి అధ్యయనాలు తీసి చూడండి, నేను చూసినంతలో చాలావాటిలో పాట ఎంచుకున్నది ఆ పనివాడే. 2005లో కెనడాలో నాలుగు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో 56 మందిని ఐదు వారాలు గమనించారు. వాళ్లకు ఇష్టమైనది, ఇష్టమైనప్పుడు వినొచ్చు. మధ్యలో కొన్నాళ్లు పాటలు ఆపేశారు. ఆ రోజుల్లో వాళ్ల మూడ్ తగ్గింది, పని నాణ్యత తగ్గింది, అదే పనికి ఎక్కువ సేపు పట్టింది. 1995 నాటి ఇంకో అధ్యయనం అమెరికాలోది. ఒక వ్యాపార సంస్థ ఆఫీసులో 256 మంది. వాళ్లలో హెడ్‌సెట్ కావాలని అడిగినవాళ్లలో 75 మందికి నాలుగు వారాలు ఇచ్చారు. వాళ్ల పని మెరుగుపడింది, అందులోనూ సులువు పనులు చేసేవాళ్లకు ఎక్కువ లాభం కలిగింది. "సంగీతం వల్ల లాభం" అని పేపర్లో వస్తే యజమాని వెళ్లి స్పీకర్ కొంటాడు. వాళ్లు పరీక్షించింది స్పీకర్‌ను కాదు, సొంతంగా ఎంచుకునే వీలును. ఒకరి ఇష్టం పద్నాలుగు మంది చెవుల్లో పోస్తే అది వేరే మందు.

అయితే అందరికీ ఇయర్‌ఫోన్లు కొనిచ్చేద్దామా అంటారేమో. ఆగండి. మిల్లులో నూలు వడికే రింగ్ ఫ్రేముల హోరు ఎంతంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి మాట్లాడాలి. మన దేశంలో ఫ్యాక్టరీ నిబంధనలు 8 గంటల షిఫ్టుకు 90 డెసిబెళ్లు దాటొద్దంటాయి. ఆ హోరులో పాట వినాలంటే దానికన్నా గట్టిగా పెట్టాలి, అంటే చెవికి రెండు దెబ్బలు. ఒక కుర్రాడు తలకు కట్టిన తువ్వాల కింద ఇయర్‌ఫోన్ పెట్టుకొని తిరిగేవాడు. నూలు డబ్బాల ట్రాలీ తోసుకొస్తున్నవాడు వెనక నుంచి అరిచాడు, వినపడలేదు. మడమ మీద ఎక్కింది. ఎముక విరగలేదు గాని రెండు వారాలు కుంటాడు. ఇప్పుడు మీ గదిలో ట్రాలీలు లేవు, ఇస్త్రీ పెట్టె ఉంది. ఆవిరి ఇస్త్రీ పెట్టెతో పని చేసే మనిషికి రెండు చెవులూ ఖాళీగా ఉండాలి. కూర్చొని చీరల కొంగులు, అంచులు చూసి మచ్చలు వెతికేవాళ్లకు అభ్యంతరం లేదు, ఒక చెవిలో పెట్టుకోనివ్వండి.

శబ్దం సంగతి: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెళ్లు వారానికి 40 గంటల దాకా ఫరవాలేదు, 90 అయితే 4 గంటలే. ఫోన్‌లో డెసిబెల్ యాప్ వేసి చూడొచ్చు. అంత కూడా అక్కర్లేదు. ఒక బల్ల అవతల ఉన్న మనిషితో మాట్లాడటానికి గొంతు పెంచాల్సి వస్తే ఎక్కువైనట్టే.

ఫోన్లెత్తే అమ్మాయిల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. వెనక చప్పుడుంటే మనకు తెలియకుండానే గొంతు పెరుగుతుంది. సాయంత్రానికి గొంతు బొంగురుపోతుంది. నలుగురూ గొంతు పెంచుతారు, ఒకరి గొంతు ఇంకొకరికి చప్పుడు, ఇంకొంచెం పెంచుతారు. అవతల కస్టమర్‌కు మీ పాట, మీ అమ్మాయి మాట కలిసి వినిపిస్తాయి. "ఏమన్నారు?" అని రెండోసారి అడగాల్సిన ప్రతి పిన్ కోడ్ ఒక తప్పుకు చోటు.

పాటల ఎంపిక గొడవ గురించి మీరు రెండు లైన్లే రాశారు గాని నా అనుభవంలో అసలు కొట్లాట అదే. పొద్దున్నే భక్తి పాటలు, అదీ ఎవరి దేవుడివి అన్న లెక్క. తర్వాత హీరోల అభిమానులు. మేం గద్వాలలో రెండు రూల్సు పెట్టుకున్నాం. రోజుకొకరు పాటలు పెట్టాలి, వంతు ప్రకారం, ఊడ్చే అవ్వతో సహా. ఎవరైనా ఒక పాట వద్దంటే కారణం అడగకుండా తీసేయాలి. ఆ అవ్వ వంతు వచ్చిన రోజు ఎప్పటివో జానపదాలు అడిగి పెట్టించుకుంది. మొదటి అరగంట కుర్రాళ్లు నవ్వారు, తర్వాత నవ్వలేదు. ఇంకోటి, ఉచిత యాప్‌లో పాట మధ్య ప్రకటన అరుస్తుంది. అది పాటకన్నా ఎక్కువ దృష్టి మళ్లిస్తుంది. ముందే ఫోన్‌లో దించుకున్న పాటలు పెట్టుకోవడం నయం.

చట్టం మాట కూడా చెప్పాలి, ఎవరూ చెప్పరు కాబట్టి. కొన్న పాటైనా, డబ్బు కట్టిన యాప్ అయినా అది మన సొంతానికి. స్పాటిఫై లాంటి వాటి నిబంధనల్లోనే వ్యాపారానికి వాడొద్దని ఉంటుంది. కస్టమర్లు వచ్చే దుకాణం, హోటల్, షోరూం లాంటి చోట్ల పాటలు పెడితే 1957 నాటి కాపీరైట్ చట్టం కింద లైసెన్సు అడుగుతారు. రచయితలు, సంగీత దర్శకుల తరఫున ఐపీఆర్ఎస్, రికార్డు కంపెనీల తరఫున పీపీఎల్ లాంటి సంస్థలు ఇస్తాయి. మీ దగ్గరికి కస్టమర్లు రారు, కానీ రేపు కింద షోరూం తెరుస్తామన్నారుగా, అప్పుడు ముందే కనుక్కోండి. అన్నట్టు, షోరూంలో నెమ్మదైన సంగీతం పెట్టండి. 1982లో అమెరికాలో ఒక సూపర్ మార్కెట్‌లో చూస్తే, నెమ్మది బాణీ ఉన్న రోజుల్లో జనం నెమ్మదిగా నడిచి, వేగం బాణీ రోజులకన్నా 38 శాతం ఎక్కువ కొన్నారు. చీరలు చూసే ఆడవాళ్లను తొందరపెట్టే పాట పెట్టుకోవడం మన చేతులతో మనం గల్లా పెట్టె మూసుకోవడమే.

చివరిగా మీ అసలు అనుమానం, తిరిగొచ్చే పార్శిళ్లు. పాటల మీద నేరం మోపే ముందు లెక్క చూసుకోండి. మీరు ఈ ప్రశ్న రాసింది బతుకమ్మ, దసరా ఆర్డర్లు మొదలయ్యే రోజుల్లో. ఆర్డర్లు పెరిగితే తప్పులు కూడా పెరుగుతాయి. కాబట్టి తిరిగొచ్చినవి ఎన్ని అని కాదు, పంపిన ప్రతి వందకూ ఎన్ని అని రాయండి. అందులోనూ పిన్ తప్పు, ఫోన్ నంబర్ తప్పు, ఇంట్లో ఎవరూ లేక తిరిగొచ్చినవి విడివిడిగా. మూడోదానికి పాటలతో సంబంధమే లేదు. ముందు గదిలో ఒకరోజు పాట, ఒకరోజు నిశ్శబ్దం, అలా నాలుగు వారాలు. వారానికి ఆరు పనిదినాలు కాబట్టి ఒక వారం సోమవారం పాటతో మొదలైతే తర్వాతి వారం సోమవారం నిశ్శబ్దంతో మొదలుపెట్టండి, లేకపోతే సోమవారం రద్దీ అంతా ఒక పక్కకే పడుతుంది. ఏ తప్పు ఏ రోజు ఎక్కించిన ఆర్డరుదో చూసుకోవాలి, తిరిగొచ్చిన రోజు కాదు. మొదటి నాలుగైదు రోజుల లెక్క పక్కన పెట్టేయండి. అమెరికాలో హాథార్న్ ఫ్యాక్టరీలో 1924లో మొదలైన పరీక్షల దగ్గర్నుంచీ చెబుతున్నదే, తమను ఎవరో గమనిస్తున్నారని తెలిస్తే కొన్నాళ్లు అందరూ జాగ్రత్తగానే చేస్తారు. సూపర్‌వైజర్‌గా నేను కొత్త రిజిస్టర్ పెట్టిన ప్రతిసారీ మొదటి వారం అద్భుతంగా ఉండేది.

అయినా ఆ లెక్క తేలేదాకా ఆగక్కర్లేదు. స్పీకర్‌ను రేపే వెనక గదిలో లోపలి గోడకు మార్చండి, లెక్క కోసం ముందు గదిలో పాట పెట్టే రోజున మాత్రం గుమ్మం దగ్గరికి తెచ్చుకుంటే చాలు. మధ్య గుమ్మానికి కర్టెన్ ఉందని రాశారు, కర్టెన్ శబ్దాన్ని ఆపదు, పాత తలుపైనా సరే ఒకటి బిగించండి. పదకొండున్నరకు ఒక అరగంట, రెండున్నర నుంచి ఒక గంట పాటలు. సాయంత్రం ఐదు తర్వాత, కొరియర్ బండి వచ్చేలోపు లేబుళ్లు అతికించే తొందర ఉంటుంది కదా, అప్పుడు ఆపేయాలి. మిగతా వేళల్లో పెట్టాలా వద్దా అన్నది వాళ్లిష్టం, ఏకధాటిగా మాత్రం వద్దు. ముందు గది అమ్మాయిలకు పాటలు కావాలంటే ఫోన్లు లేని వేళ, ఫొటోలు సర్దుకునేటప్పుడు ఇయర్‌ఫోన్‌లో వింటారు. పిన్ కోడ్ విన్న వెంటనే కస్టమర్‌కు తిరిగి చదివి వినిపించడం అలవాటు చేయండి. పాట ఉన్నా లేకపోయినా అదొక్కటే సగం తప్పులు పట్టుకుంటుందని నా అనుమానం.

అకౌంటెంట్ గారి బల్లను మాత్రం కిటికీ పక్కకు మార్చకండి. కింద ఆటోల హారన్లు ఉంటాయి.